కలిపి కుట్టిన పందిరి

తమ్ముడూ, నువ్వూ మరదలూ పిల్లదీ చల్లగా ఉండాలి. నేను కులాసా.

"ఒక్కదానివీ అక్కడెందుకు, మిషను తీసుకుని మా ఇంటికొచ్చెయ్" అని రాశావు. ముందు ఇది విను. నా కుట్టు దుకాణానికీ, పక్కన గడియారాలు బాగుచేసే పెద్దాయన కొట్టుకీ ముందు చెరొక గుడ్డ పందిరి ఉంది. పక్కనున్న చక్రం తిప్పి పొద్దున విప్పి సాయంత్రం చుట్టేస్తాం. రెంటి మధ్య జానెడు సందు. వానొస్తే అక్కడ నిలబడ్డవాళ్ళ నెత్తిన ధారే. ఆ నీళ్ళు మీ పందిరివంటే మీ పందిరివని పోట్లాడుకుని ఏడాదిగా మాకు మాటల్లేవు. విసుగొచ్చి మొన్న ఒక పట్టీ వేసి రెండూ కలిపి కుట్టేశాను. ధార ఆగింది. కానీ ఇప్పుడు ఇద్దరం ఒకేసారి చక్రం తిప్పితేగానీ పందిరి విచ్చుకోదు, ముడుచుకోదు! కుట్టేటప్పుడు ఆ సంగతి నా బుర్రకి తట్టలేదు. ఆయన నన్ను నానా తిట్లూ తిట్టాడు.

నిన్న జ్వరమొచ్చి పడుకున్నాను. ఇప్పుడు తగ్గింది, కంగారు పడకు. కొట్టు తెరిచే వేళ దాటిందో లేదో, పెద్దాయన వచ్చి నా గది తలుపు దబదబా బాదాడు. "నువ్వు రాకపోతే నా పందిరెలా విప్పుకోను? అసలు బతికున్నావా?" అన్నాడు. జ్వరమని చెప్పగానే గొణుక్కుంటూ వెళ్ళి మాత్రలు తెచ్చిచ్చాడు.

పిల్లదానికి కదిలే పన్ను ఊడిందా? గౌను కొలతలు రాయి, పొడుగు కాస్త ఎక్కువే చెప్పు. అందరికీ నా దీవెనలు.

అన్నట్టు, అమ్మ కుట్టు పెట్టెలో లావు సూది ఉంటుంది, వెంటనే పంపు. పోనీ ఆ పట్టీ విప్పేస్తానంటే, వద్దు, ఇంకో వరస గట్టిగా కుట్టమన్నాడు పెద్దాయన.

అక్క