పన్నెండు వరుసల పట్టిక

అన్నయ్యకు,

నోరు తెరిస్తే గొంతు లేస్తుందని ఈ కాగితం కీబోర్డు మీద పెడుతున్నాను.

కంప్యూటర్ కొన్నది నేను. అందులో ప్రాసెసర్ ఎంచిపెట్టింది నువ్వు. ఎనిమిది కోర్లదా, పదహారు కోర్లదా అని నేనడిగితే, రెండింటినీ పోల్చి పట్టిక రాసిచ్చావు. "నీ పనికి ఎనిమిది చాల్లేవే, పదహారు దండగ" అన్నావు. చదవకుండానే నమ్మాను.

కట్టబోయే ఆసుపత్రిలో నడిచి చూస్తున్నట్టు వీడియో చేసివ్వడం నా పని. మొన్న ఒకటి ఈ కంప్యూటర్లో తయారవడానికి రెండు రోజులు పట్టింది. గడువు దాటిపోయి, ఆ పని ఇంకొకరికి వెళ్లింది. షాపాయన్ని అడిగితే, "మీ పనికి పదహారుదే కదండీ, సగం టైంలో అయిపోయేది" అన్నాడు.

నిన్న కూర్చుని నీ పట్టిక చదివాను. పన్నెండు వరుసలున్నాయి. పన్నెండూ నువ్వు సాయంత్రాలు కంప్యూటర్లో ఆడే ఆటలే. నా పనికి ఒక్క వరుస లేదు.

నేను ఉండడానికి బయట వేరే గది చూసుకున్నానని వదినకు చెప్పాను. కంప్యూటర్ నువ్వే ఉంచుకో, ఆటలకు బాగుంటుంది. పట్టిక మాత్రం తీసుకెళ్తున్నాను. నువ్వేం పని చేస్తావో మీ అన్నయ్యకు తెలుసా అని ఎవరైనా అడిగితే చూపించాలి.

నీ చెల్లెలు