సుజాత కాలికి వేసిన పంచర్

బుధవారం, అన్నాలయ్యాక

నా భార్య సుజాత కాలి మీద నేను మూసిన గాయాన్ని ఈరోజు దవాఖానలో నర్సు తెరిచింది. కుళ్లు వాసనకు తల తిప్పుకున్నాను.

ఆదివారం ఆమె కల్హేర్‌లో కూలికి పోతే, కోసిన కంది మోడు పాదంలో లోతుగా దిగింది. రంధ్రం చిన్నదే, రక్తం కూడా పెద్దగా రాలేదు. లోపలికి మట్టి పోకూడదని పైపైన తుడిచి, నా పంచర్ షాపులో ట్యూబులకు పూసే సొల్యూషన్ పూసేశాను. ఇరవై ఏళ్లుగా పంచర్లు వేస్తున్న చేయి కదా, సొల్యూషన్ గట్టిగానే అతుక్కుంది.

"పెండ్లాం కాలు ట్యూబనుకున్నవా? గాలి తగలకుంటెనే పెరిగే క్రిములుంటయ్. మోడుతోని అవి లోపలికి పోయినయ్, నువ్వు మూత పెట్టినవ్," అని నర్సు తిట్టింది. పుండు కడిగి, కుట్లు వేయకుండా వదిలి, సూదులిచ్చింది. నన్ను పక్కకు పిలిచి, "దవడ బిగుసుకుంటే ధనుర్వాతమే, జల్దీ తీస్కరా," అంది.

ఆ మాట సుజాతకు చెప్పలేదు. ఇందాక ఆమె తింటుంటే దవడనే చూస్తూ కూర్చున్నాను.

"ఏంది, గట్ల చూస్తున్నవ్?" అంది.

ఏం లేదన్నాను. రొట్టె సగంలోనే వదిలేసి లేచింది. ఆకలి లేకనో, నమలరాకనో... మిగిలిన ముక్క నేను నమిలి చూశాను, మెత్తగానే ఉంది.