పెద్దవీధి ఆడవాళ్ళు రాలేదు

పిఠాపురం,
ఫిబ్రవరి 1998.

శ్రీవారికి,

సూర్యావతి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అన్నయ్య, వదిన, పిల్లలు కులాసా. పెళ్ళైన ఇన్నేళ్ళలో మీకు ఉత్తరం రాయవలసిన అవసరం నాకెప్పుడూ రాలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఒక కాగితం పాడుచేసి ఇది రెండోది తీశాను.

అమ్మవారి దర్శనం చేసుకుని వచ్చేస్తానని మీతో చెప్పి బయల్దేరాను. దర్శనం వచ్చిన మర్నాడే అయిపోయింది. తిరిగి రాకపోవడానికి కారణం వేరే ఉంది. ఫోనులో చెబుదామంటే మన ఫోను హాల్లో ఉంటుంది, దాని పక్కనే అత్తయ్యగారి మంచం. పైగా ఫోనులో మీరు ఊఁ అంటారు, సరే అంటారు, పెట్టేస్తారు. మీ సరేతోనే ఇంతకాలం కాపురం చేశాను. కాగితం మీద రాస్తే చివరిదాకా చదువుతారని ఆశ.

సైరన్ మోగిన రోజు సంగతి రాస్తున్నాను. ముందుగా చెబితే అందరూ ముస్తాబై కూర్చుంటారని, చెప్పకుండా మోగించి చూడాలని ఆఫీసర్లు అనుకున్నారట. అది మనకి తర్వాత తెలిసింది. ఆ ఉదయం మాత్రం ఊరవతల గ్యాస్ స్టేషన్లో నిజంగానే ఏదో అయిపోయిందనుకున్నాం. గోదావరి అవతల గ్యాస్ బావి అంటుకున్నప్పుడు మన డాబా మీద నుంచి ఆకాశం ఎర్రగా కనపడేది. అది మర్చిపోయేదా? సైరన్ వినపడితే ఏం చేయాలో ఊరందరికీ పంచిన కాగితంలో ఉన్నవన్నీ నేను చేశాను. స్టవ్ ఆపేశాను. దేవుడి దగ్గర దీపం కూడా నా చేత్తోనే కొండెక్కించాను, పక్కన అత్తయ్యగారు చెంపలు వేసుకుంటున్నా సరే. ఇక మిగిలింది చివరి మాట, ఇంట్లోవాళ్ళంతా వెంటనే నడిచి కాలువ అవతల హైస్కూలుకి చేరుకోవాలని. అక్కడ ఆగిపోయాను.

రాజుల ఇళ్ళల్లో ఘోషా ఎప్పుడో పోయిందని మీరు బయట గొప్పగా చెబుతారు. నిజమే, కారు కర్టెన్లు తీసేసి చాలా ఏళ్ళయింది. భీమవరంలో చీరల షాపులన్నీ నా కాళ్ళకి తెలుసు. హైదరాబాదులో ఒక్కదాన్నే ఆటో ఎక్కి తిరిగాను. మన ఊళ్ళో మాత్రం గేటు బయట రోడ్డు మీద నా అడుగు పడలేదు. సీటు ఆడవాళ్ళకి రిజర్వు అయిందని మీ బదులు నా పేరు రాయించి సర్పంచిని చేశారు, అప్పుడూ పడలేదు. నామినేషన్ వేసిన రోజు జీపుని పంచాయతీ ఆఫీసు మెట్లకి ఆనించి ఆపాడు బుల్లియ్య. నేను జీపులోంచి నేరుగా మెట్టు మీదకి దిగాను. అదేదో పెద్ద మర్యాద అని నేనూ మురిసిపోయాను.

శ్రీసత్య చెప్పులేసుకుని గేటు దాకా వెళ్ళింది. "అమ్మా, నడిచి వెళ్ళిపోదాం" అంది. రోజూ బస్సెక్కి కాలేజీకి వెళ్ళే పిల్ల, దానికేం అడ్డు? నేనే రెక్క పట్టుకుని వెనక్కి లాగాను. నాన్నగారు బండి పంపిస్తారు, ఆగమన్నాను. మన పెద్దవీధిలో పక్కిళ్ళ ఆడవాళ్ళు కూడా వాళ్ళ గేట్ల దగ్గర నిలబడి మా గేటు వంక చూస్తున్నారు. నేను కదిలితే కదులుదామని వాళ్ళు, మీరొస్తే కదులుదామని నేను. చేపలు తెచ్చే వీరవేణి కూతుర్ని చంకనేసుకుని పరుగెడుతూ మా దగ్గర ఆగింది. "ఇంకా ఇక్కడే ఉన్నారేంటండీ అమ్మగారూ?" అని అడిగింది. బండొస్తుంది, నువ్వెళ్ళు అన్నారు అత్తయ్యగారు. ఒక్క క్షణం మా మొహాలు చూసి ఆమె వెళ్ళిపోయింది. చంకలో పిల్లని పెట్టుకుని మాకోసం ఎంతసేపని ఆగుతుంది?

బండి రాలేదు. మీరూ రాలేదు. చాలాసేపటికి మైకులో చెప్పారు, ఇది ఉత్త పరీక్షేనని, అందరూ ఇళ్ళకి వెళ్ళొచ్చని. దీపం అనవసరంగా కొండెక్కించానని అత్తయ్యగారు ఆ సాయంత్రమంతా సణిగారు. మీరు భోజనానికి వచ్చి అంతా బ్రహ్మాండంగా జరిగిందన్నారు. నేను పప్పు వడ్డించాను.

ఆ వారంలోనే స్కూల్లో మీటింగు పెట్టారు. సైరన్ పరీక్షలో ఏం లోపాలున్నాయో ఊళ్ళోవాళ్ళు లేచి చెప్పాలి, ఆఫీసర్లు విని సరిచేయాలి. దానికోసమే ఆ మీటింగు. సర్పంచి కుర్చీలో ఎప్పటిలాగే మీరు కూర్చున్నారు. మైకు మన వంటింట్లోకి శుభ్రంగా వినిపిస్తుంది. నేను సర్పంచిగిరీ అంతా అలా వంటింట్లో నిలబడి వింటూనే చేశాను. సైరన్ మోగిన రోజు ఊరంతా స్కూలుకి వచ్చారా అని ఎమ్మార్వోగారు అడిగారు. పిల్లాపాపలతో సహా అందరం వచ్చేశామండి అన్నారు మీరు. అప్పుడు కాలువగట్టు వీధి భీమరాజు లేచాడు. "పెద్దవీధి ఆడవాళ్ళు రాలేదండి" అన్నాడు. చాలా వినయంగా అన్నాడు. "మా ఆడవాళ్ళ సంగతి నీకెందుకయ్యా? వచ్చారు, కూర్చో" అన్నారు మీరు. అతను కూర్చున్నాడు. ఎమ్మార్వోగారు ఊరు సిద్ధంగా ఉందని మెచ్చుకుని, ఇక ఇక్కడ మళ్ళీ పరీక్ష అక్కర్లేదని చెప్పి వెళ్ళిపోయారు. అంటే ఈసారి సైరన్ మోగితే నిజంగానే మోగుతుంది. అప్పుడూ నేను ఆ గేటు దగ్గరే నిలబడి ఉంటాను, నా పక్కన నా కూతురు ఉంటుంది.

మీరు అబద్ధం చెప్పారని కాదు నా బాధ. అది అబద్ధమని మీకే తెలియదు, అదీ బాధ. ఆ ఉదయం మీరు కూడా నిజమనే అనుకున్నారు. చెరువుల దగ్గర్నుంచి పరుగెత్తారని, చెప్పు ఊడిపోయినా ఆగలేదని పనివాళ్ళు చెప్పుకున్నారు. అంత భయంతో స్కూలు చేరిన మనిషి, భార్య వచ్చిందా, కూతురు వచ్చిందా అని ఒక్కసారి చుట్టూ చూడడా? నేను అక్కడ లేనని మీకు ఆ రోజు తెలియలేదు. మీటింగు నాటికీ తెలియలేదు. కనపడకపోయినా లోటు తెలియని మనిషినైపోయానని మీ గొంతు మైకులో వింటూ ఏడ్చాను. ఉల్లిపాయలు తరుగుతున్నానని శ్రీసత్యతో చెప్పాను.

అందుకని రాజీనామా రాశాను. సోమవారం అన్నయ్య ఏలూరు వెళ్తున్నాడు, అతని చేత ఆఫీసులో ఇప్పిస్తాను. మీరు ఇంకెవరి పేరైనా పెట్టుకుని ఆ కుర్చీలో కూర్చోండి. ఇంటికి ఎప్పుడు వస్తానో ఇప్పుడే చెప్పలేను. అత్తయ్యగారి బీపీ మాత్రలు ఫ్రిజ్ మీద డబ్బాలో ఉన్నాయి. టిఫిన్ అయ్యాకే వేయాలి, ముందు వేస్తే కళ్ళు తిరుగుతాయి.

ఇట్లు,
సూర్యావతి


సూర్యావతికి,

దుర్గాప్రసాదరాజు ఆశీర్వదించి రాయునది. నీ ఉత్తరం చెరువుగట్టు మీద నిలబడి మొదలుపెట్టాను, కూర్చుని ముగించాను. నాకు ఉత్తరాలు రాయడం రాదు. చేపల మేత కంపెనీకి తప్ప ఎవరికీ రాసి ఎరగను. తప్పులుంటే సర్దుకో.

నేను చుట్టూ చూడలేదన్నావు. చూశాను. స్కూలు గేటు పక్కన మన జీపు కనపడింది. హమ్మయ్య అనుకున్నాను. జీపు ఉందంటే మీరు ఉన్నట్టే. లోపల ఆడవాళ్ళు కూర్చున్న గదిలోకి వెళ్ళి తొంగి చూడటం బాగోదని వరండాలోనే ఉండిపోయాను. నీ ఉత్తరం వచ్చాక బుల్లియ్యని పిలిచి అడిగాను. మేత బస్తాలు తెస్తుంటే కాలువగట్టు వీధి దగ్గర జనం జీపు ఆపి, నడవలేని ముసలివాళ్ళని ఎక్కించారట. "అమ్మగార్లని మీరు కారులో తీసుకెళ్ళుంటారనుకున్నానండి" అన్నాడు. వాడిని ఏమంటాను? వాడు నా మీద వదిలేశాడు, నేను జీపు మీద వదిలేశాను. గుళ్ళ దగ్గరైనా, పెళ్ళిళ్ళ దగ్గరైనా నాకు అదే అలవాటు సూర్యా. బండి ఎక్కడుందో చూసుకుంటే మీరు ఎక్కడున్నారో చూసుకున్నట్టే అనుకుంటూ వచ్చాను. నిన్ను వెతకాల్సిన చోట బండిని వెతికాను. ఆ ప్రమాదం నిజంగా జరిగి ఉంటే ఏమయ్యేదో ఆలోచిస్తుంటే రెండు రోజులుగా నాకు అన్నం సహించడం లేదు.

ఇంకో సంగతి. ఊళ్ళో నడవకపోవడం నీకు ఇష్టమనే నేను అనుకున్నాను. సగం మా అమ్మ మాట కోసం, సగం నీ గౌరవం కోసం నువ్వే అలా ఉంటున్నావనుకున్నాను. నేను ఎప్పుడూ వద్దనలేదు. వెళ్ళమనీ అనలేదు, అది కూడా ఒప్పుకుంటున్నాను. నిన్న అమ్మని అడిగాను, కోడలు నీకోసమే గడప దాటట్లేదు కదా అని. "నాకోసం ఏంటి? మీ నాన్నగారు ఉన్నన్నాళ్ళు ఆయన కోసం ఉన్నాం. ఆయన పోయాక నీకోసం ఉంటున్నాం. నలుగురిలో నీకు తలవంపులు కాకూడదని" అంది. నాకు నవ్వొచ్చింది, మధ్యలోనే ఆగిపోయింది. అమ్మే మళ్ళీ అడిగింది.

"అబ్బాయ్, ఆ బడి ఎటేపు?"

పద్నాలుగేళ్ళప్పుడు ఈ ఊరికి కాపరానికి వచ్చిన మనిషి. ఆ బడికి స్థలం ఇచ్చింది మా తాతగారు. చెయ్యెత్తి చూపించబోయాను. ఎదురుగా మన ప్రహరీ గోడ ఉంది. ఎటు తిప్పి చూపించాలో తెలియక చెయ్యి దించేశాను.

నిన్న ఎమ్మార్వో ఆఫీసుకి వెళ్ళి, నేను చెప్పింది తప్పని, పెద్దవీధి ఆడవాళ్ళు ఎవరూ రాలేదని చెప్పాను. భీమరాజుని వెంటబెట్టుకుని వెళ్ళాను. వచ్చేటప్పుడు హోటల్లో టీ తాగాం. క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు. అతనే, ఫర్వాలేదండి రాజుగారూ అన్నాడు. ఎమ్మార్వో మాత్రం, మీరు చెబితే ఎలాగండీ, సర్పంచిగారే వచ్చి జనం ముందు చెప్పాలి, మళ్ళీ పరీక్ష పెట్టాలన్నా ఆవిడే అడగాలి అన్నాడు. మొన్న ఆ కుర్చీలో నన్ను చూసినప్పుడు అతనికి ఈ రూలు గుర్తు రాలేదు. సరే, తప్పు నాది కాబట్టి పడ్డాను. మీటింగు వచ్చే వారం గురువారం పెట్టించాను.

రాజీనామా ఇవ్వాలనుకుంటే ఇవ్వు, నేను అడ్డు రాను. ఆ ఒక్క మాట చెప్పాక ఇవ్వు. బుధవారం ఉదయం పిఠాపురానికి జీపు పంపిస్తాను. గురువారం నీకు ఇబ్బంది లేకుండా స్కూలు మెట్ల దాకా జీపు పోనిమ్మని బుల్లియ్యకి చెప్పాను.

ఇట్లు,
దుర్గాప్రసాదరాజు


పిఠాపురం.

శ్రీవారికి,

మీ ఉత్తరం అందింది. మూడుసార్లు ఏడ్చాను. చివరన జీపు స్కూలు మెట్ల దాకా పోనిమ్మన్న దగ్గర మాత్రం పగలబడి నవ్వాను. వదిన ఏంటోనని పరుగెత్తుకొచ్చింది.

మీకోసమని నేను, నాకోసమని మీరు, మొదట మామయ్యగారి కోసం, తర్వాత మీకోసమని అత్తయ్యగారు. ఎవరికి వారం పక్కవాళ్ళ గౌరవాన్ని మోస్తూ కూర్చున్నాం. ఏవండీ, నేను బయటికి నడిస్తే మీకు అవమానమా అని ఒక్కసారి నేను అడిగి ఉండొచ్చు. అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. భోజనాలయ్యాక మీరు పేపరు తీసేవారు, నేను వక్కలు కత్తిరించేదాన్ని, ఆ రోజు అలా అయిపోయేది. అలా ఎన్ని రోజులు పోయాయో తలుచుకుంటే నాకు ఎవరి మీదా కోపం రావడం లేదు, దిగులు మాత్రం వేస్తోంది. మనకి ఇంకా కొంత వయసు మిగిలింది. అత్తయ్యగారికి ఏం మిగిలింది? ఆవిడ అడిగిన మాట చదివిన దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు.

మీరు దారి చూపించలేకపోయారని బాధపడకండి. నాకూ తెలియదు. జీపు రెండుసార్లు మలుపు తిరుగుతుందని తెలుసు, ఏ పక్కకో తెలియదు. ఆ రోజు శ్రీసత్యని బండి కోసమే ఆపాననుకున్నాను. ఈ ఊరి సర్పంచిని, బడికి దారి తెలియదని కూతురి ముందు బయటపడుతుందని కూడా ఆపానేమోనని ఇప్పుడు అనిపిస్తోంది.

అన్నయ్య సోమవారం ఏలూరు వెళ్ళాడు. రాజీనామా అతనికి ఇవ్వలేదు. చింపనూ లేదు, పెట్టెలో చీరల కింద ఉంది.

జీపు పంపకండి. బుధవారం బస్సులో వస్తాను. స్టాపు దగ్గర దిగి ఇంటికి నడిచే వస్తాను, దారి తెలియకపోతే ఎవరినైనా అడుగుతాను. నవ్వేవాళ్ళు నవ్వుతారు. గురువారం అత్తయ్యగారిని, శ్రీసత్యని, పక్కిళ్ళ వాళ్ళని వెంటబెట్టుకుని స్కూలుకి నడిచి వస్తాను. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, మెల్లగా నడుస్తారు. వంతెన దగ్గర కాసేపు కూర్చోబెట్టాలి. మీటింగు ఆలస్యమైతే ఆఫీసర్లకి కాఫీలిచ్చి కూర్చోబెట్టండి. నేను వచ్చి, ఆ రోజు రాలేదని నా నోటితో చెబుతాను. సైరన్ ఇంకోసారి మోగించమని, ఎప్పుడు మోగిస్తారో ఈసారి కూడా మాకు చెప్పవద్దని అడుగుతాను. భీమరాజు ఇంకేమైనా చెప్పాలనుకుంటే అతన్ని చెప్పనివ్వండి.

మీరు మాకు ఎదురు రావద్దు, స్కూలు గేటు దగ్గరే ఉండండి. మీ ఆడవాళ్ళు వచ్చారా రాజుగారూ అని ఎమ్మార్వోగారు అడిగితే తొందరపడి చెప్పేయకండి. మీ అమ్మగారి మొహం చూడండి, కూతురి మొహం చూడండి. నన్ను కూడా చూశాక, అప్పుడు చెప్పండి.

మీ
సూర్యావతి