రెండు దగ్గర ఎర్ర గీత

నవంబరు 10, సోమవారం

గుల్లూ, ఇది నీ నర్సింగ్ నోటు పుస్తకమే. సగం తెల్లగా ఉండిపోయింది. కీసర దగ్గర నీ స్కూటీ పడి ఇవాళ్టికి ముప్పై రోజులు. ఎవరికి రాస్తున్నానో తెలియదు. నాది అయిదో తరగతి, తప్పులుంటాయి.

చలికి మీ నాన్నకి ఆయాసం ఎక్కువైంది. నువ్వు తెచ్చిన ఆక్సిజన్ మిషన్ పెట్టా. గాలి ఎంత పోతుందో చూపించే గొట్టంలో గోళీ రెండు అంకె దగ్గర, నీ ఎర్ర గీత మీద నిలబడింది. గోళ్లరంగుతో నమాజు చెల్లదని తిడితే, ఆ రంగు తీసుకెళ్లి మిషన్‌కి గీత పెట్టావు. దీన్ని దాటించొద్దమ్మా అన్నావు. ఎందుకో నేను అడగలేదు.

నవంబరు 13

ఒకటే దగ్గు.

నవంబరు 14, శుక్రవారం, పొద్దున 11

పక్కింటి సీతారావమ్మ వచ్చింది. మనిషి అంతలా ఎగపోస్తుంటే గాలి దగ్గర కూడా పిసినారితనమా వదినా, ఇంకాస్త తిప్పు అంది. నిజమే అనిపించింది. గోళీని అయిదుకి ఎక్కించా. కాసేపటికి ఆయాసం తగ్గింది. నిద్రపోయాడు, ఎన్నాళ్లకో. చప్పుడు కాకుండా వంట చేస్తున్నా.

నవంబరు 16, నందిగామ, ఎమర్జెన్సీ

అది నిద్ర కాదంట.

మొన్న అన్నానికి లేపితే లేవలేదు. 108లో తీసుకొచ్చాం. నీతో పనిచేసిన జాయిస్ డ్యూటీలో ఉంది. ఆక్సిజన్ ఎంత పెట్టారు ఆంటీ అని ముందు అదే అడిగింది. అయిదన్నా. వెంటనే తగ్గించేసింది. ఊపిరాడని మనిషికి గాలి తగ్గిస్తావేంటే అని చెయ్యి పట్టుకున్నా. ఏళ్ల తరబడి పాడైన ఊపిరితిత్తులు ఆంటీ, ఆక్సిజన్ మరీ ఎక్కువైతే చెడుగాలి లోపలే పేరుకుని మత్తొస్తుంది అంది. మాస్క్ బిగించి, వేలికి క్లిప్పు పెట్టి, మాటిమాటికీ మీ నాన్నని సర్దార్ గారూ, సర్దార్ గారూ అని పిలుస్తూనే ఉంది.

ఎక్కువ ఇస్తే ప్రాణం మీదికి రావడమేంటి? ఇప్పటికీ అర్థం కాలేదు. స్కూటీ పడ్డ రోజు నువ్వు కూడా నిద్రపోతున్నట్టే ఉన్నావు.

నవంబరు 18

కళ్లు తెరిచాడు. పెళ్లైనకాడ్నించి ఒక్కరోజు నిద్రపోనిచ్చింది మా సుభాన్‌బీ, ఆ ఒక్కరోజూ మీరు లేపేసారే అన్నాడు. జాయిస్ నవ్వింది. నేను ఏడ్చా.

గుల్షన్ ఇలాగే గోళీ ఎక్కించినవాళ్లతో పోట్లాడేది ఆంటీ అని చెప్పింది. తన అన్నం బాక్సు మాత్రం ముసలాళ్లకి తోడొచ్చిన ఆడవాళ్లకి పెట్టేసేదంట. మరి నాతో రోజూ తిన్నానమ్మా అనేదానివే. బాక్సు ఖాళీగానే వచ్చేది.

నవంబరు 21

ఇంటికొచ్చాం. నా వేళ్లు తగిలి గీత చెరిగింది. నీ సీసా అడుగున కొంచెం ఉంటే మళ్లీ దిద్దా. మిషన్‌కి బొట్టు పెట్టావేంటి వదినా అంది సీతారావమ్మ. మా అమ్మాయి పెట్టింది అన్నా.

నవంబరు 22

గోళీ గీత మీదే ఉంది. రెండుసార్లు పిలిచా, మీ నాన్న పలికాడు. నీ బాక్సు కట్టా, అలవాటు పోలేదు.

ఎవరికీ పెట్టకు. కడుపు నిండా తిను.