కొసరు తూకంలోకి రాదు

డిసెంబర్ 9, సోమవారం

74.1. హాస్పిటల్ స్కేలు మీద, చెప్పులు విప్పాక. ఇంటికొచ్చి నా స్కేలెక్కితే అదే అంకె. కాటాల మెకానిక్ అన్నయ్య బాగుచేసి ఇచ్చిన స్కేలు, తేడా ఎందుకొస్తుంది?

సర్జన్ నాన్చలేదు. నా కిడ్నీ అన్నయ్యకి సరిపోతుందట, నేనే సరిపోనట. డెబ్భై లోపుకి రావాలి. జనవరి 9న మళ్లీ తూస్తారు. వస్తే ఆ నెలలోనే ఆపరేషన్. రాకపోతే ఆ డేటు వేరేవాళ్లకి వెళ్తుంది, మళ్లీ మా వంతు ఎప్పుడో ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ కూడా చెప్పలేనంది. అన్నయ్య ఇప్పటికే వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్తున్నాడు.

బయట బెంచీ మీద కూర్చున్నాక వదిన అడిగింది, అవుతుందా అని. పార్సిల్ కౌంటర్లో పొద్దుటినుంచి సాయంత్రం దాకా బరువులెత్తే మనిషిని, నాలుగు కిలోలు దించలేనా అన్నాను. వదిన నవ్వలేదు. అన్నయ్య నా వైపే చూడలేదు.

నెల కూడా మంచిదే దొరికింది. ఏడాది చివరి సెలవులు. ఊరు ఊరంతా పంపుకునే కేకులు, బిస్కెట్లు, చాక్లెట్లు నా కౌంటర్ మీదుగానే పోవాలి.

డిసెంబర్ 11, ఉదయం 11.20

ఒక పెద్దాయన డబ్బా తెచ్చాడు. మూడు చుట్లు టేపు వేసినా వెన్న బిస్కెట్ల వాసన ఆగలేదు. నోట్లో నీళ్లూరాయి. సరే, ఈ కోరిక అనేది ఎంతసేపుంటుందో చూద్దామని గోడ గడియారం చూశాను.

11.31. పోయింది. పదకొండు నిమిషాలు. ఇన్నేళ్లూ దీనికా నేను భయపడింది?

డిసెంబర్ 12

మళ్లీ పరీక్షించాను. చాక్లెట్‌కి తొమ్మిది నిమిషాలు. కేకుకి పద్నాలుగు. ఉప్పు వేసి వేయించిన జీడిపప్పుకి ఇరవై దాటింది, లెక్క వదిలేసి బాత్రూమ్‌లోకి వెళ్లి నిలబడ్డాను. ఉప్పుకి అంత పట్టెందుకో కనుక్కోవాలి.

పక్క కౌంటరు జిగురక్క చూస్తూనే ఉంది. ఆమెకా పేరు మేమే పెట్టాం, పట్టుకుంటే వదలదు కాబట్టి. ఒక్క ముక్కకి ఏమవుతుందే అంటూ డబ్బా మూత తీసి నా ముక్కు కింద పెట్టింది. కడుపు నొప్పి అని తప్పించుకున్నాను. సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏడుస్తారు, ఏడుస్తూ ఇంకో ముక్క పెడతారు.

డిసెంబర్ 14

73.4.

డిసెంబర్ 15, ఆదివారం

రాత్రిళ్లు వండుకోను, రెండు వీధుల అవతల అన్నయ్య ఇంట్లోనే నా భోజనం. పెళ్లి అచ్చిరాక వెనక్కి వచ్చినప్పటినుంచీ అంతే. ఇవాళ మధ్యాహ్నం కూడా పిలిచాడు. వింతేమిటంటే వడ్డించింది అన్నయ్య. ఈ ఇంట్లో గరిటె ఎక్కడుంటుందో కూడా తెలియని మనిషి.

వద్దన్నకొద్దీ కొసరి కొసరి వేశాడు. కంచం మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందులోంచి వేశాడు. చివర్లో ఒక కేకు ముక్క పెట్టి, ఇది కొసరే, కొసరు తూకంలోకి రాదు అన్నాడు.

ఆ మాట నాన్నది. గింజల కొట్లో కాటా ముల్లు నిలబడ్డాక, పొట్లం కట్టేముందు ఇంకో గుప్పెడు వేసేవాడు. ఎందుకు నాన్నా అంటే, తూకం వాళ్ల హక్కు, కొసరు మన మర్యాద, అది తూకంలోకి రాదు అనేవాడు. ఆ మాట విని అన్నయ్య చేతిలోది ఎలా కాదంటాను? తినేశాను.

తను మాత్రం ముట్టలేదు. తనకి రోజుకి ఒక లీటరు నీళ్లే. సీసా మీద గీతలు గీసుకుని తాగుతాడు. ఆఖరి గీత దాటితే ఐసు ముక్క చప్పరిస్తాడు. దాహం ఎన్ని నిమిషాలుంటుందని అడిగాను. అది పోదు, మనమే అలవాటు పడతాం అన్నాడు.

సాయంత్రం నాతోపాటు మా గదికొచ్చి, పనిముట్ల పెట్టె తెరిచి స్కేలు సర్వీసు చేసి వెళ్లాడు. ఈ నెలలో దీనికి పని ఎక్కువ కదా, జాగ్రత్తగా చూసుకోవాలట.

డిసెంబర్ 16

72.5! అంత తిని కూడా!

డిసెంబర్ 19

ఒక సిద్ధాంతం ఆలోచిస్తున్నాను. వారమంతా కడుపు మాడిస్తే ఒళ్లు మొండికేస్తుంది. ఆదివారం ప్రేమగా పెడితే మెత్తబడి వదిలేస్తుంది. కిడ్నీ మాట ఎత్తకుండా జిగురక్కకి చెబితే, అయితే నాకూ పెట్టించవే అంది.

వదినకి చెబితే నవ్వలేదు. పెద్ద బేకరీ డబ్బా చూపించి, ఇది మీ అన్నయ్య ఎందుకు తెచ్చారో నాకర్థం కావడం లేదమ్మా అంది. బియ్యం డ్రమ్ము వెనక దాచిందట, నా కంట పడకూడదని. పాపం, నాకే చూపించేసింది.

డిసెంబర్ 21

71.9. గుర్తింపు కార్డు తాడుతో నడుము కొలిచాను. పోయిన వారం వేసిన ముడి దగ్గరే ఉంది. తాడు ముడుచుకుపోయినట్టుంది.

డిసెంబర్ 22, ఆదివారం

మళ్లీ భోజనం, మళ్లీ కొసరు, మళ్లీ స్కేలు సర్వీసు. బ్యాటరీ మార్చాడు, కాళ్లు తుడిచాడు, ఏదో నొక్కాడు. టీ ఇస్తే వద్దన్నాడు, గీత దాటిపోయిందని. స్కేలు పక్కనే నేల మీద చాలాసేపు అలాగే కూర్చున్నాడు. నువ్వెక్కి చూపించు అంటే, రేపు పొద్దున ఎక్కు, పరగడుపున అన్నాడు.

డిసెంబర్ 23

70.7. నా సిద్ధాంతం నిజం!!

డిసెంబర్ 24

పాతిక కిలోల బియ్యం బస్తా ఇంటికొచ్చింది. ఊరికే, సరదాకి, స్కేలు మీద పెట్టాను. 24.5. అర కిలో తక్కువ.

నా ఒంట్లో తూకం రక్తం ఉంది, ఊరుకుంటానా. కొట్టుకెళ్లి షాపాయన్ని నలుగురిలో నిలదీశాను. సీలేసిన బస్తా అమ్మా, నేను ముట్టుకోను కూడా లేదు, ఇప్పటిదాకా ఎవరూ అనలేదు అని పాపం నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. మీ స్కేలే తప్పేమో చూసుకోండి అన్నాడు. ఆ మాటకి నాకు ఒళ్లు మండిపోయింది. మా అన్నయ్య ఎవరో తెలుసా, ముప్ఫై ఏళ్లుగా ఈ ఊరి కాటాలన్నీ ఆయన చేతిలోనే సరవుతున్నాయి అన్నాను. షాపాయన మెత్తబడి అర కిలో పొట్లం కట్టి ఇచ్చాడు. న్యాయం గెలిచిందని పొట్లం ఊపుకుంటూ ఇంటికొచ్చాను.

డిసెంబర్ 26

అన్నయ్యకి బియ్యం సంగతి చెప్పాను, మెచ్చుకుంటాడని. మొహం పాలిపోయింది. పోనీలే, ఎందుకు గొడవ, ఆయనకి సారీ చెప్పు అన్నాడు. తప్పు తూకం అంటే మంచం మీదనుంచి లేచొచ్చి పోట్లాడే మనిషి! డయాలసిస్ మనిషిని ఇంతగా మార్చేస్తుందా? కోఆర్డినేటర్ని అడగాలి.

డిసెంబర్ 28

70.0. జిగురక్క ఇచ్చిన బిస్కెట్ ఒకటి తిన్నాను. ఒకటే. కొసరు.

డిసెంబర్ 30, సోమవారం, ఉదయం 6.10

69.8. అరిచాను. కింద వాళ్లు ఏమైందని తలుపు కొట్టారు.

వదినకి ఫోన్ చేస్తే ఏడ్చేసింది. ఫోన్ అన్నయ్యకి ఇచ్చింది. మంచిది అన్నాడు. ఒకే ఒక్క మాట.

డిసెంబర్ 31

మధ్యాహ్నం ఆఫీసులో అందరూ కేకు కోశారు. నేను పెద్ద ముక్కే తీసుకున్నాను, డెబ్భై లోపు ఉన్నదాన్ని కదా. సంతోషం పట్టలేక జిగురక్కకి అసలు సంగతంతా చెప్పేశాను. ఆమె నోరు తెరిచి, ఏదీ చూపించు అని మూటలు తూచే పెద్ద కాటా మీదికి తోసింది. చెప్పులు విప్పి ఎక్కాను.

71.5.

కేకు రెండు కిలోలుండదు కదా. దిగి ఎక్కాను. అదే. పెద్ద కాటా చెడిపోయింది. పండగ మూటలకి దెబ్బతిని ఉంటుంది. ఎంతమంది పార్సిళ్లు ఎక్కువ తూగాయో! రిజిస్టర్లో కంప్లయింట్ రాసి, కాటా మీద పనిచేయదు అని బోర్డు తగిలించాను. మెకానిక్‌ని పిలవమని మేనేజర్‌కి చెప్పాను. ఆఫీసు కాటాలు చూసే మెకానిక్ అన్నయ్యే.

జనవరి 1

సెలవు. 69.7. బియ్యం బస్తా మళ్లీ పెట్టి చూడాలనిపించింది. పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో రాయను.

జనవరి 2, గురువారం

అన్నయ్య పదింటికి వచ్చాడు. ఇరవై కిలోల గుండ్లు నాలుగు ఆటోలోంచి దింపించాడు. నన్ను చూసి, ఏ కాటా అన్నాడు. చూపించాను. ఎంత తేడా అని మేనేజర్ అడిగాడు. రెండు కిలోలకి కొంచెం తక్కువ, నన్నే తూచుకున్నాను అని చెప్పాను. అన్నయ్య తల దించుకున్నాడు.

ఒక గుండు పెట్టించాడు. 20.0. రెండోది. 40.0. మూడు. 60.0. నాలుగోది పెట్టాక అంకె కాసేపు ఊగి 80.0 దగ్గర ఆగింది. అందరం చూస్తున్నాం.

తిప్పే స్క్రూ అతని బొటనవేలి కిందే ఉంది. అర చుట్టు తిప్పి, అవును, చెడిపోయింది, సరి చేశాను అంటే మేమెవరం కనిపెట్టేవాళ్లం కాదు. నేను కూడా నమ్మేదాన్ని. నమ్మాలనే చూస్తున్నాను.

కాటా కరెక్టుగానే ఉంది అన్నాడు. రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాడు. తర్వాత నాతో, మంచినీళ్లివ్వు అన్నాడు. గీతలు లెక్కపెట్టుకుని తాగే మనిషి గ్లాసు నిండా తాగేశాడు.

వెనక మెట్ల మీద, మూటల పక్కన కూర్చున్నాం. అతనే చెప్పాడు. రేపు నీకు మిగిలే ఆ ఒక్క కిడ్నీ పోతే ఎవరిస్తారే, నీకెవరున్నారు, నాకు వదినైనా ఉంది అన్నాడు. వద్దని ఎదురుగా చెబితే నువ్వు వినవు, చిన్నప్పుడూ వినలేదు. స్కేలు తక్కువ చూపిస్తే తిండి తగ్గించవు, తొమ్మిదిన డాక్టరే వద్దంటే ఎవరి తప్పూ ఉండదనుకున్నాను. నీ ఒళ్లు నీకు తెలియకుండా కాపాడదామనుకున్నాను. ముప్ఫై ఏళ్లలో తప్పు పెట్టింది ఆ ఒక్క స్కేలే. పెట్టిన రోజు నుంచి నిద్ర లేదు. ఇదంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాడు.

నాకు కోపం వచ్చింది. చాలా వచ్చింది. నా ఇరవై రోజుల ఆకలితో ఆడుకున్నాడు. షాపాయన ముందు నన్ను వెధవని చేశాడు. కొట్టాలనిపించింది, చేతి మీద డయాలసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా చూసి ఆగాను. తర్వాత నవ్వొచ్చింది. బియ్యం బస్తాని అనుమానించాను, ఆఫీసు కాటాని అనుమానించాను, కార్డు తాడుని అనుమానించాను. ఇతన్ని అనుమానించడం నాకు చేతకాలేదు.

అన్నయ్యా, నాకు రెండున్నాయి అన్నాను. ఒకటి తూకం. రెండోది కొసరు. కొసరు తూకంలోకి రాదని ఇన్నాళ్లుగా నాకు తినిపిస్తూ చెప్పింది నువ్వే.

అన్నయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నాన్న మాట అలా వాడకూడదే అన్నాడు. వాడడానికే చెప్పాడు అన్నాను.

సాయంత్రం మా గదికొచ్చి స్కేలు సరిచేశాడు. ఎక్కాను. 71.4. అంత అందవికారమైన అంకెని చూసి అంత ప్రాణం లేచిరావడం ఇదే మొదటిసారి.

జనవరి 3

షాపాయనకి అర కిలో పొట్లం తిరిగి ఇచ్చాను. తప్పు మాదేనని అందరి ముందే చెప్పాను. ఉంచుకోండమ్మా, కొసరనుకోండి అన్నాడు. ఆ మాట వింటే భయమేస్తోందని పొట్లం అక్కడే పెట్టి వచ్చేశాను.

జనవరి 5, ఆదివారం

వదిన వడ్డించింది. కూరగాయలు, పప్పు, గరిటెతో కొలిచి. అన్నయ్య గరిటె జోలికి రాలేదు, నా ఎదురుగా కూర్చున్నాడు. జిగురక్క ఫోన్ చేసి, తొమ్మిదో తారీకు దాకా ఆఫీసులో ఎవరూ డబ్బా తెరవకూడదని ఆర్డరేశానంది. ఏడుస్తూనే చెప్పింది. ముక్క మాత్రం పెట్టలేదు.

జనవరి 7

70.4. ఉప్పు కోరిక గడియారం పెట్టి మళ్లీ చూశాను. ఇరవై మూడు నిమిషాలు. పోతుంది. అన్నయ్య దాహం కూడా పోవాలి. ఆపరేషనయ్యాక మొదట ఎన్ని గ్లాసులు తాగుతావంటే, లెక్కపెట్టకుండా తాగుతాను అన్నాడు.

జనవరి 9

69.9, హాస్పిటల్ స్కేలు మీద. నర్సు పెన్ను తీసింది. అన్నయ్య ఆగమని, మోకాళ్ల మీద వంగి, స్కేలు కాళ్లు నాలుగూ ఆనాయో లేదో వేలితో తడిమి చూశాడు.

తూకం సరిగ్గానే ఉంది, రాసుకోండి అన్నాడు.