ఫిరంగి గుండు కాదు

అన్నా,

ఈరోజు నీ తద్దినం. నువ్వు జనరేటర్లు నడిపిన అంటార్కిటికా క్యాంపులో వంటచేసిన సూళ్లూరుపేట ఆయన భోజనానికి వచ్చి, ఫోన్‌లో అక్కడి కొత్త పటం చూపించాడు.

"సూడమ్మా, మీయన్న పెట్టిన పేరే ఎక్కించినారు. గుండు కొండ!"

మురిసిపోయాను, కింద వివరం చదివేదాకా. 'ఫిరంగి గుండులా ఉన్నందున ఈ పేరు' అట! ఆ మంచులో ఫిరంగి ఎక్కడిదన్నా?

అక్కడ కాలుపెట్టని రాజుల పేర్లూ, ఓడకు డబ్బిచ్చిన షావుకార్ల పేర్లూ కొండలకు తగిలించారని నువ్వే చెప్పేవాడివి. వాళ్ల కథలు మాత్రం పొల్లుపోకుండా రాసుకున్నారు. మన ఒక్క మాట దగ్గరే అందరికీ తొందర.

ఒళ్లు మండి ఆ పటం వేసిన ఆఫీసుకు ఫోన్ చేశాను.

"ఫిరంగి గుండు కాదయ్యా, తిరపతి గుండు! చిన్నప్పుడు నాయన కొండమీద నాకు గుండు కొట్టిస్తే, అప్పట్నుంచి మాయన్న నన్ను గుండూ అనే పిలిచినాడు. ఆ బోడి రాయిని చూస్తే నేనే గుర్తొచ్చినానంట."

"మిమ్మల్ని అలా పిలిచేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి మేడమ్, అడిగి రాసుకుంటాం" అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. ఉంటే ఈ ఉత్తరమెందుకు రాస్తాను?

గుండు