తాయిఫ్ అదృష్టం

5 సెప్టెంబర్ 2025, శుక్రవారం

మళ్లీ తాయిఫ్. మళ్లీ రాజేశం.

6 సెప్టెంబర్

కోపం తగ్గాక రాస్తున్నాను. మా కంపెనీలో తెలుగువాళ్లం అరవై మందిమి. అల్ ఖోబర్, మక్కా, తాయిఫ్ క్యాంపుల్లో ఉంటాం. ఎవరైనా ఇండియా పోతుంటే, అంతకుముందు ఒక శుక్రవారం సాయంత్రం వాట్సాప్‌లో తంబోలా. డబ్బు పందెం లేదు. పోయేవాడు తన ముప్పై కిలోల లగేజీలో ఐదు కిలోలు బహుమతిగా పెట్టాలి. ఫుల్ హౌస్ పడినవాడి పార్సెల్ ఇంటికి చేరుతుంది. మక్కాలో బస్సు నడిపే కడప మహబూబ్ బాషా నంబర్లు పిలుస్తాడు, టికెట్ మాత్రం తీసుకోడు. ఆడేది మీ పాపం, పిలిచేది నా పని సార్ అంటాడు.

ఏడాదిలో ఇరవై రెండు ఆటలు. పద్నాలుగు తాయిఫ్‌వే. అక్కడున్నది తొమ్మిది మంది! కొండమీది చల్లగాలికి బుర్ర బాగా పనిచేస్తుందని మా ఖోబర్ రూములో ఒకడి థియరీ. కరీంనగర్ వైపువాళ్లకు పుట్టుకతోనే లక్కు అని ఇంకొకడు. రాజేశానిదీ నాదీ ఒకే మండలం. మరి నా లక్కు ఏ చెక్‌పోస్టులో ఆగింది? ప్రాబబిలిటీ మీద రెండు భాషల్లో చదివాను. నంబరుకు సముద్రమట్టం తెలియదు.

రాజేశం మోసం చేస్తున్నాడు. రుజువు చేస్తాను.

7 సెప్టెంబర్

వాడి మీద పగ ఎందుకో కూడా రాసిపెట్టాలి. 2011లో ఇద్దరం ఒకే క్యాంపులో ఉన్నప్పుడు, నేను డ్యూటీలో స్టోర్‌లో కూర్చుని పుస్తకాలు చదువుతున్నానని సూపర్‌వైజర్‌కు చెప్పింది వాడే. రెండు ఎండాకాలాలు యార్డులో ఇనుము మోశాను.

12 సెప్టెంబర్

నాకు ఫైనల్ ఎగ్జిట్ పడింది, ఉద్యోగం ముగిసి ఇక ఇంటికే. అక్టోబర్ 19న ఫ్లైట్. పుస్తకాలు తూచాను. సరిగ్గా ముప్పై కిలోలు. బట్టలు వదిలేస్తాను, ఆ బాధ లేదు. కానీ రూలు రూలే. నా ఐదు కిలోలు నేనే గెలుచుకోవాలి, లేకపోతే ఐదు కిలోల పుస్తకాలు ఇక్కడే.

19 సెప్టెంబర్, శుక్రవారం

గ్రూపులో పెట్టేశాను: తాయిఫ్‌వాళ్లు దొంగాట ఆడుతున్నారు, లెక్కలు నా దగ్గరున్నాయి.

పెద్ద రభస. రాజేశం ఒక్కటే మెసేజ్ పెట్టాడు. అన్నకు ఏం తక్కువైందో అడుగుండ్రి, పంపిద్దాం అని. ఆ మర్యాదకే ఒళ్లు మండింది.

తర్వాత తాయిఫ్ నుంచి ప్లంబర్ లక్ష్మణ్ ఫోన్ చేశాడు. దొంగాట గింగాట ఏం లేదు సార్, మేం తొమ్మిది మందిమి ఒక్క చాప మీద గూసుంటం, ఒకని టికెట్ ఇంకొకడు చూస్తడు, రాజేశమన్న గ్రూపుల ఉన్న టికెట్లన్నీ చూస్తడు అన్నాడు. మీరేమో ఒక్కొక్కడు ఒక్కో మంచం మీద చెవులల్ల వైర్లు పెట్టుకొని ఆడుతరు, మక్కోళ్లు డ్యూటీల ఉంటరు, మీ నంబర్ పోయినా మీకు తెల్వది అన్నాడు.

తర్వాతి నంబర్ పిలవకముందే హౌస్ అనాలి. లేకపోతే పోయినట్టే. అది నిజమే.

20 సెప్టెంబర్

పాత టికెట్లన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి. బాషా పిలిచిన నంబర్లూ ఉన్నాయి. పొద్దుటి నుంచి సరిచూశాను.

మార్చిలో అరవై ఒకటో నంబర్‌కే నాకు హౌస్ పడింది. రాజేశానికి అరవై మూడోదానికి. జూన్‌లో కూడా అంతే. రెండుసార్లు గెలిచాను, చూసుకోలేదు. ఆ రెండుసార్లూ నేను వాడి టికెట్ చూస్తున్నాను.

క్షమాపణ పెట్టలేదు. యార్డులో మోసిన ఇనుము అబద్ధం కాదు కదా.

10 అక్టోబర్, శుక్రవారం, సాయంత్రం 5:20

నా ఆట. ఈసారి నా టికెట్ తప్ప ఇంకేమీ చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. పది నంబర్లయ్యాయో లేదో, కళ్లు మళ్లీ రాజేశం టికెట్ మీదికే.

నాకు ఒక్క 8 నంబరే మిగిలింది. అప్పుడు బాషా 71 పిలిచాడు. రాజేశానికి హౌస్.

తాయిఫ్ నుంచి చప్పుడు లేదు. పది సెకన్లు. ఇరవై. తొమ్మిది మంది, ఒక్క చాప, ఒక్కడూ చూడలేదా? గ్రూపంతటి టికెట్లు చూసేవాడికి తన టికెట్ కనబడలేదా?

నాకోసం వదిలేస్తున్నాడు.

బాషా నంబర్‌కూ నంబర్‌కూ మధ్య అర నిమిషం ఆగుతాడు. నోరు మూసుకుంటే చాలు. కానీ రాజేశం దయతో ఇంటికి చేరిన పుస్తకం నేను తెరవగలనా?

టైప్ చేశాను: రాజేశం టికెట్ హౌస్.

ఇదేంది సార్, ఒకరి హౌస్ ఇంకొకరు అరిచేది యాడన్నా ఉందా అన్నాడు బాషా. ఎవరు అరవాలో రూల్లో లేదన్నాను. ఒప్పుకున్నాడు. తర్వాతి నంబర్ ఏది వచ్చేదని విడిగా అడిగాను. ఇంకా సంచిలో చెయ్యే పెట్టలేదు సార్ అన్నాడు.

నిజమేనా? తెలుసుకోవాలని ఇప్పటికీ ఉంది.

18 అక్టోబర్

ఐదు కిలోల పుస్తకాలు స్టోర్ షెల్ఫులో పెట్టి వచ్చాను. ఎవడైనా డ్యూటీలోనే చదవనీ.

19 అక్టోబర్, దమ్మాం ఎయిర్‌పోర్ట్

కాటా సరిగ్గా ముప్పై చూపింది. అందులో ఐదు కిలోలు రాజేశం పార్సెల్, వాళ్లమ్మ గౌరవ్వకు తాయిఫ్ గులాబీ నీళ్లు. వెధవ, మూత సరిగ్గా బిగించలేదు. పుస్తకాలన్నీ గుబాళిస్తున్నాయి. ఇక ఏ పేజీ తిప్పినా వాడే.